ఇంకో పట్టీ కృపానందం

హనుమకొండ నుంచి హసన్‌పర్తి పోయే దారిలో, భీమారం దాటగానే ఎడమచేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. దాని ముందు ఎప్పుడు చూసినా రెండు మూడు ట్రాక్టర్ ట్రాలీలు మూతులు నేలకానించి పడి ఉంటాయి. బోర్డు మీద ‘కృపా కమాన్ వర్క్స్’ అని పెద్ద అక్షరాలతోనే రాయించారు గానీ, ఆ పేరు చెప్పి దారి అడిగితే చెప్పేవాడు దొరకడు. ‘ఇంకో పట్టీ కృపానందం షెడ్డు ఎక్కడ?’ అని అడగాలి. అప్పుడు చాయ్ బండి దగ్గర నిలబడ్డ వాళ్లందరూ ఒకేసారి నవ్వి, ఒకేసారి చెయ్యి చూపిస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ట్రాలీ బరువు చక్రాల మీద ఒక్కసారిగా పడకుండా, యాక్సిల్‌కూ బండికీ మధ్య వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగిస్తారు. దాన్ని కమాన్ కట్ట అంటారు. పట్టీలు ఎక్కువైతే కట్ట గట్టిపడుతుంది, తక్కువైతే మెత్తబడుతుంది. ఇంతే విద్య. కృపానందానికి ఇందులో మొదటి సగమే వచ్చని ఊళ్లో వాళ్ల వేళాకోళం. ఎవరు ఏ బండి తెచ్చి ఏ బాధ చెప్పుకున్నా, అంతా ఓపికగా విని, చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో ఒక తన్ను తన్ని, ‘ఇంకో పట్టీ ఏద్దాం తియ్’ అంటాడు. ఒకసారి భార్య రాహేలు నడుము నొప్పిగా ఉందంటే కూడా పరధ్యానంగా అదే మాట అన్నాడని చెప్పుకుంటారు. నిజమేనా అని రాహేలును అడిగితే ఆమె అవుననదు, కాదనదు, నవ్వుతూ లోపలికి పోతుంది.

నవ్వేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. కృపానందం ఈ పని మామ విన్సెంట్ దగ్గర నేర్చుకున్నాడు. సొంతంగా షెడ్డు పెట్టిన రెండో ఏడు, అతను కట్టిన కమాన్ కట్ట పరకాల దగ్గర పత్తి లోడుతో విరిగింది. ట్రాలీ పక్కకు ఒరిగి, పైన కూర్చున్న వీరభద్రం అనే కూలీ కాలు విరిగింది. బస్తాలు రెండింతలు ఎక్కించారని అందరికీ తెలుసు. కృపానందాన్ని ఎవరూ ఏమీ అనలేదు. కానీ అతను మూడు నెలలు దవాఖానకు టిఫిన్ డబ్బా పట్టుకుని తిరిగాడు. వీరభద్రం ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు, కనబడితే ‘బాగున్నవా అన్నా’ అని తనే ముందు పలకరిస్తాడు. ఆ పలకరింపు విన్నప్పుడల్లా కృపానందానికి గుండెలో కలుక్కుమంటుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అతను వేస్తున్న ఆ ఒక్క పట్టీ ఉక్కుది కాదు, భయానిది. ఆ సంగతి రాహేలుకు తప్ప ఎవరికీ తెలియదు.

పోయిన దసరాకు హసన్‌పర్తి నుంచి ఎల్లస్వామి వచ్చాడు. అతనికి తెల్లటి ఆడగుర్రం ఒకటుంది, పేరు ముత్యాలు. పెళ్లికొడుకును ఊరేగించడానికి హనుమకొండ, వరంగల్ అంతటా దాన్నే పిలుస్తారు. ఇదివరకు నడిపించుకునే పోయేవాడు. ఇప్పుడు పరకాల నుంచీ రఘునాథపల్లి నుంచీ కూడా పిలుపులు వస్తున్నాయి. అరవై కిలోమీటర్లు నడిపించి తీసుకుపోతే ఆ గుర్రం పెళ్లికొడుకును మోయదు, పెళ్లికొడుకే దాన్ని మోయాలి. అందుకని జీపు వెనకాల తగిలించుకునేలా గుర్రానికో ట్రాలీ కావాలన్నాడు. కృపానందం ఉబ్బిపోయాడు. గుర్రం ట్రాలీ ఈ చుట్టుపక్కల ఎవడూ కట్టలేదు. తన దగ్గరున్న ట్రాక్టర్ ట్రాలీ యాక్సిల్ ఒకటి తీసి, వడ్ల బస్తాలు మోసే కట్టలే రెండు వైపులా బిగించి, పైన కటకటాల డబ్బా కట్టి, వెనక దిగుడు తలుపు పెట్టి, నీలం రంగు వేసి ఇచ్చాడు. ఒక్కో కట్టలో తొమ్మిది పట్టీలు. ఏనుగును ఎక్కించినా వంగదని చెప్పి పంపాడు. నిజంగానే వంగలేదు, అదే తర్వాత కొంపముంచింది.

వైశాఖం ముహూర్తాలు మొదలయ్యాక ఒకనాడు పొద్దున్నే ఎల్లస్వామి, అతని భార్య సుకన్య ఖాళీ ట్రాలీ లాక్కుని షెడ్డుకు వచ్చారు. ఇద్దరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి.

“కృపన్నా, ముత్యాలు ట్రాలీ ఎక్కుతలేదు,” అన్నాడు ఎల్లస్వామి.

“ఎక్కకపోతే ఎనకనుంచి జర నూకాలె తమ్మీ.”

“నూకితే ఎక్కుతది. ఎక్కినంక చూడాలె దాని బాధ. నాలుగు కాళ్లు నాలుగు దిక్కులు పెట్టి వణుకుతది. దిగేవరకు ఒళ్లంత చెమట. మొన్న పరకాల పెండ్లిల పిల్లగాన్ని ఎక్కిచ్చుకుని రెండడుగులు ఏసిందో లేదో కాళ్లు మడతపడ్డయ్. పిల్లగాడు కింద పడబోయిండు. బ్యాండోళ్లు ఆపకపోతే ఇజ్జత్ పోయేది.”

“దిష్టి తగిలిందంటాండ్రు అందరు,” అన్నది సుకన్య. “నిమ్మకాయలు కట్టిన, మిరపకాయలు దిగదీసిన. ఏం లాభం లేదన్నా. అది ట్రాలీని చూస్తేనే చెవులు ఎనకకు పెడ్తాంది.”

ఎల్లస్వామి నేల చూపులు చూస్తూ అసలు సంగతి చెప్పాడు. వచ్చే శుక్రవారం రఘునాథపల్లిలో పెద్ద పెళ్లి ఉంది. అక్కడ కూడా ఇట్లాగే అయితే ఇక ఎవరూ పిలవరు. ఇటుక బట్టీలకు గుర్రాలను కొనుక్కుపోయేవాడు ఒకడు శనివారం ఇటు వస్తానన్నాడట, వాడికి ఇచ్చేస్తాను అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే సుకన్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు తిరిగింది. ముత్యాలు పుట్టినప్పుడు తల్లికి పాలు పడకపోతే, సీసాతో పాలు పట్టి పెంచింది ఆమే.

“ఫికర్ చెయ్యకు చెల్లె. బండిల ఏముందో నేను చూస్త,” అన్నాడు కృపానందం.

ఊళ్లో వాళ్లు ఎంత నవ్వినా, పని దగ్గర అతనిది గట్టి చెయ్యి. ముందు రెండు టైర్లలో గాలి చూశాడు. సరిగానే ఉంది, అంటే ట్రాలీ ఇచ్చేటప్పుడు తను చెప్పినట్టే రాయిలా గట్టిగా ఉంది. చక్రం నట్లు వదులయ్యాయేమోనని ఒక్కొక్కటి పానాతో పట్టి చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. జాకీ పెట్టి చక్రాన్ని పైకెత్తి, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి వేసి ఊపాడు. ఎడమ చక్రం కొద్దిగా టకటకమంది. హబ్బు విప్పితే లోపల బేరింగులో గ్రీజు ఎండిపోయి నల్లగా అట్టకట్టింది. డీజిలుతో కడిగి, కొత్త గ్రీజు కూరి, నట్టు బిగించి, మళ్లీ పావు చుట్టు వదులు చేశాడు. ఊపితే ఇప్పుడు చప్పుడు లేదు, తిప్పితే చక్రం సాఫీగా తిరుగుతోంది.

“గిదే అయ్యుంటదా అన్నా?” అన్నాడు ఎల్లస్వామి ఆశగా.

“ఆగు. టైరు సంగతి ఇంకోటుంది.”

రెండు టైర్లూ వింతగా అరిగాయి. చక్రం వంకరగా తిరిగితే ఒక అంచు పొడుగునా అరగాలి. ఇవేమో ఇక్కడో జానెడు, అక్కడో జానెడు, గుంటలు గుంటలుగా అరిగాయి. చెయ్యి పెట్టి నిమిరితే ఎత్తూ పల్లం తెలుస్తోంది. యాక్సిల్ పక్కకు జరిగిందేమోనని కృపానందం ముందున్న హుక్కు నుంచి రెండు చక్రాల నడి మధ్యకూ నూలు దారం పట్టి కొలిచాడు. ఒక్క వేలు తేడా కూడా రాలేదు. యాక్సిల్ సూటిగా ఉంది, బేరింగు బాగుంది, నట్లు బిగువుగా ఉన్నాయి. మరి టైరు ఎందుకిట్లా అరిగింది? తలగోక్కున్నాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరును ఒక తన్ను తన్నాడు.

“బండి ఊగుతాంది తమ్మీ. గట్టిదనం సాల్తలేదు. రెండు దిక్కుల ఇంకో పట్టీ ఏద్దాం,” అన్నాడు.

వేశాడు కూడా. కట్టలు రెండూ పదేసి పట్టీలయ్యాయి. సాయంత్రం హసన్‌పర్తిలో ఎల్లస్వామి ఇంటి ముందు ట్రాలీని నిలబెట్టి ముత్యాలును నూకి ఎక్కించారు. చెరువు కట్ట దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చి తలుపు దించేసరికి, గుర్రం ముందు మోకాళ్ల మీద కూలబడి ఉంది. మోకాళ్లు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. దిగాక కూడా దాని చర్మం పొరలు పొరలుగా వణుకుతూనే ఉంది.

సుకన్య దాని మెడ పట్టుకుని ఏడ్చింది. తర్వాత కృపానందం వైపు తిరిగింది. “నీకు దండం పెడ్త అన్నా, నీ పట్టీలు నువ్వే ఉంచుకో. బట్టీలకు పోతే మట్టి మోస్తది గని, బతికన్న ఉంటది,” అన్నది.

తన పనిని ఎవరు తిట్టినా పోట్లాటకు దిగే కృపానందం ఆ రోజు తలవంచుకుని స్కూటర్ ఎక్కాడు. ఆ నెత్తురు చూసిన కళ్లకు వీరభద్రం కాలు గుర్తొచ్చింది. విరిగితే ప్రమాదమని ఇన్నేళ్లు భయపడ్డాడు. విరగకుండానే దెబ్బ తగలడం అతనికి కొత్త.

మరునాడు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద నోట్లో పెట్టడం లేదు. రాహేలు పచ్చిపులుసు పోస్తూ అడిగితే జరిగిందంతా చెప్పాడు.

“అన్ని చూసిన రాహేలూ. దారం పట్టిన. బేరింగు మార్చినట్టే చేసిన. ఇంకేం బలం పెట్టాల్నో సమజైతలేదు.”

రాహేలు పులుసు గిన్నె కింద పెట్టింది. తర్వాత, “పోయినేడు పరకాల ప్రార్థన మీటింగులకు ట్రాలీల పోయినం గదా, యాదికున్నదా? నువ్వు కట్టిన ట్రాలీనే,” అన్నది.

“ఉన్నది. ఏమాయె?”

“పోయేటప్పుడు ఎనిమిది మంది ఆడోళ్లం. ఒక్కొక్క గుంతకు జానెడు పైకి లేసి పడ్డం. సంఘం అక్కలంత నిన్ను తిట్టుకుంట తిట్టుకుంట ప్రార్థన చేసిండ్రు. వచ్చేటప్పుడు గదే ట్రాలీల నలభై బియ్యం బస్తాలు ఏసిండ్రు, మేమంత వాటి మీద పండుకున్నం. హనుమకొండ వచ్చినంక ఎవరో లేపితే గని నాకు మెలకువ రాలె. గదే ట్రాలీ, గదే తొవ్వ.”

“లోడు ఉంటె గట్లనే ఉంటది. అందరికి తెలిసిందే.”

“అందరికి తెలిసిందే, నీకు తెల్వాలె గదా. నువ్వు ఎప్పుడన్న నీ ట్రాలీల ఎక్కినవా?”

కృపానందం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎన్నో ట్రాలీలను బాగుచేసి రోడ్డు మీద తిప్పి చూశాడు. ప్రతిసారీ ముందు ట్రాక్టర్ మీద, డ్రైవర్ పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. వెనక్కి తిరిగి కట్ట విరగలేదు కదా అని చూసుకునేవాడు. వెనక నిలబడ్డవాళ్లకు ఎట్లా ఉంటుందో ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ చూసుకోలేదు. అతనికి సిగ్గేసింది. అన్నం సగంలో వదిలేసి లేవబోతే, రాహేలు భుజం నొక్కి కూర్చోబెట్టి మొత్తం తినిపించి పంపింది.

హసన్‌పర్తిలో ఎల్లస్వామి అతన్ని చూసి ముఖం తిప్పుకోలేదు గానీ, రమ్మని కూడా అనలేదు. కృపానందం ఆ మర్యాదల కోసం ఆగలేదు.

“తమ్మీ, జీపు తియ్. ఇయ్యాల గుర్రం కాదు, నేనెక్కుత. అది నిలబడ్డ కాడనే నిలబడ్త. కరీంనగర్ రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు తీస్కపో, తీస్కరా. నేను ఆపమనేదాంక ఆపకు.”

“అన్నా, నీకేమన్న అయిందా?”

“ఇంక కాలె. అయితదేమో చూద్దాం.”

ఎండ మండిపోతోందని సుకన్య ఒక బకెట్ నిండా నీళ్లు తెచ్చి ట్రాలీలో పెట్టింది. కోపం కోపమే గానీ, ఆమె మనసు అట్లాంటిది. కృపానందం చెప్పులు విడిచి, ముత్యాలును కట్టే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. తలుపు మూశారు. బండి కదిలింది.

ఊరు దాటేవరకు బాగానే ఉంది. జీపు కాస్త వేగం అందుకోగానే కింద నేల మీద పుట్టిన ప్రతి రాయీ అతని మడమల్లోంచి నడుములోకీ, నడుములోంచి దవడల్లోకీ ఎక్కడం మొదలుపెట్టింది. పళ్లు టకటకలాడాయి. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండు కాళ్లూ పలకను వదిలేశాయి. కడ్డీని కావలించుకున్నాడు. ఆపమని ఫోన్ చేద్దామంటే ఫోన్ జేబులో ఉంది, చేతులు ఖాళీ లేవు. ‘ప్రభువా, ఆపించు’ అని పైవాడికే చెప్పుకున్నాడు. ఆయన ఆపించలేదు. ఎల్లస్వామి చెప్పిన మాట మీద నిలబడేవాడు, పూర్తిగా ఆరు కిలోమీటర్లు పోయి తిప్పుకున్నాడు.

తిరిగి వస్తుండగా కృపానందం కూలబడి, కటకటాల సందులోంచి చక్రాన్ని చూశాడు. చిన్న గుంత వచ్చింది. కట్ట అణువంత కూడా వంగలేదు. చక్రం నేలను విడిచి పైకి లేచి, మళ్లీ రోడ్డు మీద పడి, మళ్లీ లేచి, మళ్లీ పడింది. పడ్డ చోటల్లా టైరు రోడ్డును గీరుకుంటోంది. టైరు మీద గుంటలు ఎక్కడివో అప్పుడు అర్థమైంది. దారం ఎందుకు సూటిగా వచ్చిందో కూడా అర్థమైంది. చక్రం వంకరగా తిరగడం లేదు, ఎగురుతోంది. పట్టుకోవడానికి తనకు రెండు చేతులున్నా ఇట్లా అయింది. ముత్యాలుకు అవి కూడా లేవు. ఆ నోరులేని జీవం ఏడు నెలలుగా ఇందులో నిలబడి ప్రయాణం చేసిందని తలుచుకుంటే అతనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తలుపు తీసేసరికి బకెట్‌లో చుక్క నీళ్లు లేవు, అన్నీ కృపానందం ఒంటి మీదే ఉన్నాయి. ఎల్లస్వామికి నవ్వొచ్చింది గానీ అతని ముఖం చూసి ఆపుకున్నాడు. కృపానందం వణికే కాళ్లతో దిగి, నేరుగా సుకన్య దగ్గరికి పోయాడు.

“చెల్లె, గుర్రానిది తప్పు లేదు. దిష్టి లేదు ఏం లేదు. తప్పు నాది. నలభై క్వింటాళ్ల వడ్లు మోసే కట్టలు పెట్టి, నాలుగు క్వింటాళ్ల గుర్రాన్ని నిలబెట్టిన. మళ్ల నిన్న ఇంకోటి బిగిచ్చిన. నాకు నాలుగు రోజులు ఇయ్యి. అప్పటికి గూడ అది ఎక్కనంటే శనివారం మీ ఇష్టం.”

సుకన్య అతని తడిసిన చొక్కా వైపు చూసింది. “నీ మోకాళ్లు మంచిగున్నయా అన్నా?” అని అడిగింది. కృపానందానికి ఆ మాట చాలు.

షెడ్డుకు తెచ్చి ట్రాలీని దిమ్మెల మీద నిలబెట్టాడు. కట్టలను యాక్సిల్‌కు బిగించే యూ క్లాంపులు విప్పి, కట్టలు దించాడు. ఇన్నేళ్లలో కట్టలోకి పట్టీ ఎక్కించిన చెయ్యే గానీ తీసిన చెయ్యి కాదు. మొదటి పట్టీ తీస్తుంటే వేళ్లు ఒప్పుకోలేదు. వీరభద్రం కుంటి నడక కళ్ల ముందు తిరిగింది. తీసిన పట్టీని మళ్లీ చేతిలోకి తీసుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. రాహేలు చాయ్ తెచ్చి, గ్లాసు పక్కన పెట్టి, ఆ పట్టీని అతని చేతిలోంచి తీసుకుని మూల పడేసింది.

ముత్యాలు ఎంత బరువో అంత ఇసుకను బస్తాల్లో నింపి ట్రాలీలో అది నిలబడే చోట పేర్చాడు. పక్కన బకెట్ నిండా నీళ్లు పెట్టాడు. రెండు వైపులా సమానంగా పట్టీలు తీయడం, కట్టలు బిగించడం, ఎల్లస్వామితో రోడ్డు మీద తిప్పించడం, బకెట్‌లో ఎన్ని నీళ్లు మిగిలాయో చూడడం, రెండు రోజులు ఇదే పని. పదిలో ఏడు మిగిల్చినప్పుడు సగం బకెట్ నీళ్లు నిలిచాయి. ఆరు మిగిల్చినప్పుడు ఇంకొంచెం నిలిచాయి. తుప్పుపట్టి ఒకదానికొకటి అంటుకుపోయిన పట్టీలను ఇనుప బ్రష్షుతో గీకి, మధ్యలో గ్రీజు రాశాడు. అరిగిన టైర్లు తీసేసి వేరేవి వేసి, గాలి తగ్గించాడు. గాలి తగ్గించమని అతని నోటితోనే అతను చెప్పడం విని ఎల్లస్వామి మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాడు.

నాలుగు పట్టీలకు దించేసరికి కథ అడ్డం తిరిగింది. చిన్న గుంతలకు నీళ్లు ఒలకలేదు గానీ మలుపు దగ్గర ట్రాలీ పడవలా పక్కకు ఊగింది, పెద్ద గుంతలో యాక్సిల్ పైకి వచ్చి డబ్బాకు తగిలింది. షెడ్డు ముందు చాయ్ తాగుతున్న ట్రాక్టర్ల వాళ్లు నలుగురైదుగురు చుట్టూ చేరారు.

“ఇప్పుడేం చేస్తవే కృపన్నా?” అన్నాడొకడు.

కృపానందం ట్రాలీ చుట్టూ తిరిగాడు. ఈసారి టైరును తన్నలేదు. వంగి కట్ట మీద చెయ్యి పెట్టి చూసి, “ఇంకో పట్టీ ఏద్దాం,” అన్నాడు.

షెడ్డు దద్దరిల్లేలా నవ్వారు. కృపానందం కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. ఐదు పట్టీలు పడ్డాక బండి మలుపులో నిలకడగా తిరిగింది. అప్పుడు తను మళ్లీ చెప్పులు విడిచి ఎక్కి, కడ్డీ పట్టుకోకుండా నిలబడి ఆరు కిలోమీటర్లు పోయి వచ్చాడు. తలుపు తీసేసరికి బకెట్ మూడొంతులు నిండుగా ఉంది.

బండి బాగైంది గానీ ఆ సంగతి గుర్రానికి ఎవరు చెప్పాలి? అది ఇంకా చెవులు వెనక్కే పెడుతోంది. ఎల్లస్వామి నూకబోతే సుకన్య వద్దంది. ట్రాలీని ఇంటి ముందే నిలబెట్టి, లోపల పలక మీద రబ్బరు పట్టా పరిచి, దాని మేత, నానబెట్టిన శనగలు అన్నీ లోపలే పెట్టింది. తను పోయి ఆ శనగల బుట్ట పక్కన కూర్చుంది. మొదటి రోజు ముత్యాలు మెడ చాచి అందినంత తిని వెనక్కి పోయింది. రెండో రోజు పొద్దున ముందు కాళ్లు రెండూ పెట్టి, పలకను గిట్టతో రెండుసార్లు కొట్టి చూసింది. సాయంత్రానికి నాలుగు కాళ్లూ లోపలికి వచ్చాయి. గురువారం పొద్దున చెరువు దాకా పోయి వచ్చారు. కృపానందం దాని పక్కనే నిలబడి, “ఏం కాదు బిడ్డా, ఏం కాదు,” అంటూ పోయాడు. ఎవరికి చెబుతున్నాడో అతనికే సరిగా తెలియదు.

శుక్రవారం పొద్దున్నే రఘునాథపల్లికి బయలుదేరారు. కృపానందం, సుకన్య జీపులో ఎల్లస్వామి పక్కన కూర్చున్నారు. జీపు హైవే ఎక్కింది. పరకాల పెళ్లికి ఇందులో సగం దూరమే, దానికే గుర్రం కాళ్లు మడతపడ్డాయి. ఇది అరవై కిలోమీటర్లు, మధ్యలో రోడ్డు పనులు. వెనక నుంచి గిట్టల చప్పుడు వస్తుందేమోనని సుకన్య చెవులు రిక్కించి కూర్చుంది. సగం దూరం దాకా అప్పుడప్పుడు చిన్న కదలిక వినిపించింది. ఆ తర్వాత అదీ లేదు.

“ఆపి చూద్దామా?” అన్నది సుకన్య.

“పడిపోతే చప్పుడైతది చెల్లె,” అన్నాడు కృపానందం. అంటూనే మెడ తిప్పి వెనక్కి చూశాడు.

ఫంక్షన్ హాలు ముందు బండి ఆగేసరికి బ్యాండు వాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. పెళ్లికొడుకు మేనమామ రాజేశ్వర్ రావు తలపాగా సర్దుకుంటూ ఎదురొచ్చి, “జల్ది దింపుండ్రయ్యా, టైమైతాంది,” అన్నాడు. ఎల్లస్వామి గొళ్లెం తీశాడు. ముగ్గురూ కలిసి తలుపు దించారు.

ముత్యాలు నిలబడే ఉంది. తల కిందికి వాలిపోయింది. కింది పెదవి వేలాడుతోంది. కళ్లు సగం మూతపడ్డాయి. మూడు కాళ్ల మీద బరువు వేసి, వెనక కాలు ఒకటి గిట్ట కొన మీద ఊరికే ఆనించి పెట్టుకుంది. ఒంటి మీద ఎక్కడా చెమట చుక్క లేదు.

“ఏమైంది దానికి?” అన్నాడు రాజేశ్వర్ రావు కంగారుగా.

సుకన్య వేలు పెదవుల మీద పెట్టుకుంది. “నిద్రపోతాంది సార్,” అన్నది. ఆ మాట అంటుండగానే ఆమెకు ఏడుపు వచ్చేసింది. “కాలు సడలించి నిద్రపోతాంది. ఇంటికాడ కొట్టంల తప్ప ఇట్ల ఎక్కడ పండదు. ఒక్క ఐదు నిమిషాలు సార్.”

రాజేశ్వర్ రావు లోపలికి తొంగి చూశాడు. గుర్రాన్ని చూశాడు, ఆమె ముఖం చూశాడు. వెనక్కి తిరిగి, డోలు మీద కర్ర ఎత్తిన బ్యాండు మేస్త్రీకి ఆగమని చెయ్యి ఊపాడు. పెళ్లివాళ్లంతా ఏమైందేమైందని గుసగుసలాడుతూ వచ్చి, ఒక్కొక్కరే తొంగి చూసి, చప్పుడు చేయకుండా పక్కకు జరిగారు. ఎల్లస్వామి కాస్త దూరం పోయి ఫోన్ తీసి, “అన్నా, రేపు రాకు. మా గుర్రం అమ్ముడు లేదు,” అని గొంతు తగ్గించి చెప్పాడు.

కృపానందం చక్రం పక్కన కూలబడి కట్ట మీద చెయ్యి ఆనించాడు. ఐదు పట్టీలూ కొద్దిగా వంగి, నిద్రపోతున్న గుర్రాన్ని మోస్తున్నాయి. అతనికి ఏదో చెప్పుకోవాలనిపించింది. రాహేలుకు ఫోన్ చేశాడు.

“నిద్రపోతాంది,” అన్నాడు మెల్లగా.

“ఎవరు?”

“ముత్యాలు. ట్రాలీల.”

రాహేలు కూడా గొంతు తగ్గించింది.

“అయితే లేపకుండ్రి.”